బండి నేర్చిన వారానికే హైవేకా?

కోహీర్: చెరువు కట్ట మీద నాలుగు చక్కర్లు కొట్టిన కుర్రాడు అయిదో నాడు వెనుక ఇద్దరిని ఎక్కించుకొని జహీరాబాద్ బయలుదేరుతున్నాడు. ఎక్కేది 65వ నంబరు జాతీయ రహదారి. హైదరాబాద్, పుణె మధ్య లారీలు తిరిగే దారి. లెర్నింగ్ లైసెన్సు మీద నడిపేవాడు నేర్పే మనిషిని తప్ప వేరెవరినీ వెనుక కూర్చోబెట్టుకోరాదని 1989 నాటి నిబంధనలున్నవి. ఈ సంగతి ఊళ్లలో చెప్పేవారేరి?

చెరకు నరికే రోజుల్లో మరీ భయం. చీకట్లో వెనుక దీపం లేని ట్రాలీ దగ్గరికి వచ్చేదాకా కనబడదు. కొత్తవాడు కంగారుపడి ముందు బ్రేకు ఒక్కటే గట్టిగా పట్టేస్తాడు. కంకర మీద బండి జారుతుంది. రెండు బ్రేకులూ కలిపి మెల్లగా పట్టడం ఊరి బాటలోనే నెల రోజులు అలవాటు చేయించాలి. ట్రాలీల వారు వెనుక రేడియం స్టిక్కరు అంటించుకుంటే పోయేదేమిటి?

ఇక హెల్మెట్ ట్యాంకు మీద ఊరేగుతుంది, పోలీసులను చూస్తే తలకెక్కుతుంది. పట్టీ బిగించకుంటే మనిషి కన్నా ముందు అదే దొర్లిపోతుంది.

పద్దెనిమిదేళ్లు నిండని కొడుకు బండితో నేరం చేస్తే తండ్రికి 25 వేల జరిమానా, మూడేళ్ల దాకా జైలు అని 2019 సవరణ చెబుతున్నది. అయినా తాళం చెవి మేకుకే వేలాడుతున్నది. రవాణా శాఖ వారు కోహీర్ సంత రోజున ఒక శిబిరం పెట్టి నాలుగు మాటలు చెప్పడం అవసరం.