ఊరూ వాడా - 9: తెల్లక్క ఎక్కడ పడుకుంది?

పోయిన వారం నిమ్మనపల్లెలో మా ఇంటికి వెళ్లినప్పుడు వాడ పిల్లలు నాకొక ఇంగ్లీషు పాట పాడి వినిపించారు. "ఎవరు నేర్పించార్రా?" అంటే "తెల్లక్క" అన్నారు. యూరప్ నుంచి వలంటీరుగా వచ్చిన అమ్మాయి. రెండు నెలలు పొద్దస్తమానం మా ఏఏ వాడలోనే ఉండేదట. మా అమ్మ పెట్టిన సంగటి, ఊరిబిండి ఇష్టంగా తినేదట.

"మరి రాత్రికి?"

"ఊర్లోకి పోతాది" అన్నారు పిల్లలు, ఇదేం ప్రశ్న అన్నట్టు.

ఆమెను తీసుకొచ్చిన సంస్థాయనకు ఫోన్ చేశాను. మూడు కారణాలు చెప్పాడు.

ఒకటి, సేఫ్టీ. కారంచేడు, 1985. చుండూరు, 1991. దాడి ఎటునుంచి ఎటు వచ్చిందో ఆయనే చెప్పాలి.

రెండు, బాత్రూం. మా చెల్లెలింట్లో టైల్స్ వేసిన బాత్రూం ఉంది. ఆయన వాడకొచ్చిన ఏ రోజూ ఆ గడప దాటి చూడలేదు.

మూడు, పోలీసు కాగితాలు. విదేశీయులకు బస ఇచ్చేవాళ్లు 24 గంటల్లోగా ఫారం పంపాలి, నిజమే. అందులో ఇంటి చిరునామా అడుగుతారు. కులం అడగరు.

చివరికి అసలు మాట బయటపడింది: "వాడలో పెడితే ఊరోళ్లు ఒప్పుకోరు సార్."

ఇందులో డబ్బు సంగతీ ఉంది. ఇలాంటి చాలా కార్యక్రమాల్లో వలంటీరే ఫీజు కడతారు. బసకీ భోజనానికీ అందులోంచే ఇస్తారు. అంటే ఫొటోల్లో మా పిల్లలు, అద్దె ఊరికి.

కొలంబియాలో చదివి బరోడా వచ్చిన అంబేద్కర్‌కు తలదాచుకునే చోటు దొరకలేదు. పారసీ పేరు పెట్టుకుని పారసీ సత్రంలో దిగితే కర్రలతో వచ్చి వెళ్లగొట్టారు. ఆ కథ రాసిన పుస్తకం పేరు 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'. వందేళ్లు దాటింది. తెలుగు సాహిత్యంలో డాక్టరేట్ ఉన్న నన్ను మదనపల్లెలో ఇంటి ఓనర్లు "మీరేమోళ్లు సార్?" అని అడిగి, గది ఖాళీ లేదని పంపేశారు. సముద్రాలు దాటి వచ్చిన మనిషికి ఒక్క పూటలో గది దొరికింది.

ఆ అమ్మాయిని నేను తప్పుపట్టను. స్థానిక సంస్కృతిని గౌరవించమని చెప్పి పంపి ఉంటారు. ఎవరి సంస్కృతి అన్నదే నా ప్రశ్న.

"పాట నేర్పింది కదా, ఇంకా ఏం కావాలి?" అనే మిత్రులకొక మాట. మా పిల్లలు రెండు పాఠాలు నేర్చుకున్నారు. ఒకటి ఆ పాట. రెండోది, ఏ దేశం నుంచి వచ్చిన అక్కయినా చీకటి పడితే ఊర్లోకే పోవాలని. మొదటిది మర్చిపోతారు.

వాడలో పనిచేస్తామని వచ్చే వలంటీరుకు వాడలోనే బస పెట్టాలి. బస డబ్బు వాడ ఇంటికే చేరాలి. ఊరు ఒప్పుకోకపోతే ఆ సంగతి సంస్థ తన రిపోర్టులో దాచకుండా రాయాలి.

విద్యార్థి మిత్రులారా, ఎన్‌ఎస్‌ఎస్ 7 రోజుల క్యాంపుకు మీరూ పల్లెలకు పోతారు. పగలు వాడలో శ్రమదానం చేసి ఫొటోలు దిగుతారు. రాత్రి ఎక్కడ పడుకున్నారు? కామెంట్లో వద్దు, మీ ప్రోగ్రాం ఆఫీసర్‌నే అడగండి.

జై భీమ్.