పెద్దవాళ్ళను కూర్చోబెట్టకండి

ముప్పై మూడు సంవత్సరాల ప్రభుత్వ వైద్య సేవ ముగించిన రోజున నాకు శాలువా కప్పిన వారందరూ ఒకే మాట అన్నారు: "ఇంతకాలం కష్టపడ్డారు డాక్టరుగారూ, ఇకనైనా విశ్రాంతి తీసుకోండి." మన భాషలో పదవీ విరమణ చేసినవారిని విశ్రాంత ఉద్యోగులనే పిలుస్తాం. నేను ఆ పేరును సార్థకం చేసుకున్నాను. ఉదయం పడక కుర్చీలో దినపత్రిక, మధ్యాహ్నం నిద్ర, సాయంత్రం టీవీ. మంచినీళ్ళు కావాలన్నా కోడలు తెచ్చి చేతికిచ్చేది. రెండేళ్ళు గడిచాయి. మనుమరాలి అన్నప్రాసనకు పీట మీద కూర్చున్నాను. కార్యక్రమం పూర్తయ్యాక లేవబోతే లేవలేకపోయాను. మోకాలి నొప్పి లేదు, ఆయాసం లేదు. కాళ్ళలో బలం లేదు, అంతే. ఇద్దరు చెరో రెక్క పట్టుకుని లేపారు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఆ రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

నిద్ర పట్టకపోవడానికి నా అవమానం ఒక్కటే కారణం కాదు. నా దగ్గరికి వచ్చిన ఒక వృద్ధురాలు గుర్తుకు వచ్చింది. 2006లో మన రాష్ట్రంలో చికున్‌గున్యా విజృంభించిన రోజులవి. డెబ్బై ఏళ్ళకు దగ్గరలో ఉన్న ఆమె అప్పటికీ నాట్లకు వెళ్ళేది, గేదెకు గడ్డి తెచ్చేది. జ్వరంతో, కీళ్ళ నొప్పులతో వస్తే మందులు రాసి, చీటీ చివర "నెల రోజులు పూర్తి విశ్రాంతి" అని రాశాను. కొడుకు తల్లిని ప్రేమించేవాడు. నా మాట తు.చ. తప్పకుండా పాటించాడు, తల్లిని మంచం దిగనివ్వలేదు. నెల తరువాత ఆమెను చేతుల మీద మోసుకుని తెచ్చాడు. జ్వరం ఏనాడో తగ్గింది, ఆమె మాత్రం నిలబడలేకపోతోంది. మరికొన్ని వారాలకు స్నానానికి వెళుతూ పడి తుంటి ఎముక విరిగిందని విన్నాను. ఆ తరువాత ఆమె కోలుకోలేదు. నేను రాసిన మందులలో తప్పు లేదు. తప్పంతా ఆ చివరి వాక్యంలో ఉంది.

ఈ రెండు సంఘటనలు నాకు నేర్పిన విషయాన్నే ఇక్కడ చెప్పదలచుకున్నాను. వృద్ధాప్యంలో మన ఓపికను హరించేది వయసు ఒక్కటే కాదు. ప్రేమతో ఇతరులు మనకిచ్చే విశ్రాంతి, సుఖంగా మనం పుచ్చుకునే విశ్రాంతి కూడా అందుకు కారణాలే.

ముప్పై ఏళ్ళు దాటిన తరువాత మన కండరాలు పదేళ్ళకు మూడు నుంచి ఎనిమిది శాతం చొప్పున తగ్గుతూ వస్తాయి. అరవై దాటాక ఆ వేగం పెరుగుతుంది. దీనిని వైద్యశాస్త్రంలో సార్కోపీనియా అంటారు. ఇది సహజమే. అయితే ఏళ్ళ మీద జరగవలసిన ఈ నష్టాన్ని మంచం రోజులలో చేసి చూపిస్తుంది. 2007లో వెలువడిన ఒక అమెరికన్ పరిశోధనలో ఆరోగ్యంగా ఉన్న వృద్ధులను పది రోజులు మంచం మీదే ఉంచారు. ఆ పది రోజులలోనే ఒక్కొక్కరి కాళ్ళలో సుమారు ఒక కిలో కండ తగ్గింది. వారికి జబ్బు లేదు, జ్వరం లేదు. ఇక జబ్బుతో మంచాన పడిన మనిషి సంగతి వేరే చెప్పాలా?

ఇదే శాస్త్రంలో ఒక శుభవార్త కూడా ఉంది. పోయిన బలం ఏ వయసులోనైనా కొంతవరకు తిరిగి వస్తుంది. 1990లో బోస్టన్‌లోని ఒక వృద్ధుల సంరక్షణాలయంలో తొంభై ఏళ్ళ ప్రాయంలో ఉన్న కొద్దిమందికి ఎనిమిది వారాలపాటు కాళ్ళకు బరువులతో వ్యాయామం చేయించారు. శిక్షణ పూర్తి చేసినవారి కాలి బలం సగటున 174 శాతం పెరిగింది. తొంభై ఏళ్ళవారికి సాధ్యమైనది మనకు ఎందుకు సాధ్యం కాదు?

దీనికి జిమ్ములు, ఖరీదైన యంత్రాలు అక్కరలేదు. నేను కుర్చీతో మొదలుపెట్టాను. చేతులు గుండెల మీద కట్టుకుని, చేతుల ఆసరా లేకుండా కుర్చీలోంచి లేచి నిలబడి, మళ్ళీ నెమ్మదిగా కూర్చోవాలి. మొదటి రోజు మూడుసార్లకే తొడలు వణికాయి. మూడు నెలలకు ఉదయం పది, సాయంత్రం పది చేయగలిగాను. ఇది వ్యాయామం మాత్రమే కాదు, పరీక్ష కూడా. ఇలా ఐదుసార్లు లేచి కూర్చోవడానికి పదిహేను సెకన్లకు మించి పడుతూ ఉంటే మీ కాళ్ళు బలహీనపడ్డాయని అర్థం. ఈ వ్యాసం చదవడం ఆపి ఇప్పుడే ప్రయత్నించండి. కుర్చీ గోడకు ఆనించి ఉండాలి, పక్కన ఒక మనిషి ఉంటే మంచిది.

రెండవది నడక. వారానికి కనీసం నూట యాభై నిమిషాలు, అంటే రోజుకు అరగంట చొప్పున ఐదు రోజులు నడవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి. అదీ వేగానికి కొలత. ఒకేసారి అరగంట నడవలేనివారు పది నిమిషాల చొప్పున మూడుసార్లు నడవవచ్చు. నడక ఒక్కటే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. అదే సంస్థ అరవై ఐదు దాటినవారికి కండరాల బలానికి వారంలో రెండు రోజులు, శరీరం తూలకుండా నిలబడే సాధనకు మూడు రోజులు కేటాయించమంటుంది. వంటగట్టును పట్టుకుని ఒంటికాలి మీద పది సెకన్లు నిలబడడం, పళ్ళు తోముకునేటప్పుడు మడమలు ఎత్తి దించడం అందులోకే వస్తాయి.

మూడవది ఇంటి పని. 1953లో లండన్‌లో జెరీ మోరిస్ అనే వైద్యుడు రెండంతస్తుల బస్సులలో పనిచేసేవారిని పరిశీలించి ఒక విషయం ప్రకటించాడు. రోజంతా కూర్చుని బస్సు నడిపే డ్రైవర్ల కంటే, మెట్లెక్కి దిగుతూ టిక్కెట్లు ఇచ్చే కండక్టర్లలో గుండె జబ్బులు తక్కువ. కండక్టర్లు వ్యాయామం చేస్తున్నామని అనుకోలేదు, తమ పని తాము చేసుకున్నారు. మొక్కలకు నీళ్ళు పోయడం, బట్టలు ఆరవేసి మడత పెట్టడం, కూరగాయలకు సంచి పట్టుకుని వెళ్ళడం కూడా అటువంటివే. మా ఇంట్లో ఇప్పుడు పాలప్యాకెట్లు తేవడం, పెరటి మొక్కలు చూడడం నా వంతు. కోడలు మొదట బాధపడింది. "మావయ్యగారూ, నలుగురూ ఏమనుకుంటారు?" అంది. "మీ మావయ్యకు కాళ్ళున్నాయనుకుంటారమ్మా" అన్నాను.

నాలుగవది పళ్ళెం. కండరానికి పని ఎంత అవసరమో మాంసకృత్తులు అంత అవసరం. మన ఇళ్ళలో పెద్దవాళ్ళ భోజనం వయసుతోపాటు చిక్కిపోతుంది. పళ్ళు లేవని పప్పు గింజలు, అరగదని గుడ్డు, ఖర్చని పాలు ఒక్కొక్కటే మానేస్తారు. ముఖ్యంగా ఆడవారు అందరికీ వడ్డించాక మిగిలిన అన్నంలో పచ్చడి కలుపుకుని లేచిపోతారు. రాత్రికి రెండు ఇడ్లీలతో సరిపెట్టుకుంటారు. వయసు మళ్ళినవారికి శరీర బరువులో కిలోకు రోజుకు ఒక గ్రాము మాంసకృత్తులైనా ఉండాలని నిపుణులు సూచిస్తున్నారు. అరవై కిలోల మనిషికి అరవై గ్రాములన్నమాట. ఒక గుడ్డులో ఆరు గ్రాములు, గ్లాసు పాలలో ఆరేడు గ్రాములు, పావుకిలో పప్పులో యాభై గ్రాములకు పైగా ఉంటాయి. ప్రతి పూటా ముద్దపప్పో, పెసరట్టో, గుడ్డో, చేపో, గడ్డపెరుగో ఏదో ఒకటి పళ్ళెంలో ఉండేలా చూసుకుంటే చాలు. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు మాత్రం తమ వైద్యుణ్ణి అడిగి మోతాదు నిర్ణయించుకోవాలి. ఊరగాయ, అప్పడం, వడియం నాలుకకు ఇష్టమే గానీ, రోజు మొత్తానికి ఉప్పు ఐదు గ్రాములు, అంటే ఒక చిన్న చెంచాకు మించకూడదు. వయసుతో దాహం తెలియడం కూడా తగ్గుతుంది. కాబట్టి దాహం వేసేవరకు ఆగకుండా వేళకు నీళ్ళు, ఉప్పు లేని పల్చని మజ్జిగ తాగుతూ ఉండాలి. గుండె, మూత్రపిండాల జబ్బులకు నీరు తగ్గించమని వైద్యులు చెప్పినవారికి ఈ మాట వర్తించదు.

ఇక్కడ మీరు ఒక ప్రశ్న వేయవచ్చు: "తిరగమంటున్నారు సరే, తిరిగి పడిపోతే?" న్యాయమైన భయమే. నేను చూసిన పతనాలలో చాలావరకు కాళ్ళ బలహీనత వల్ల, ఇంటి ఏర్పాటులోని లోపాల వల్ల జరిగినవే. పడతామని కదలడం మానేస్తే కాళ్ళు ఇంకా బలహీనపడతాయి, పడే అవకాశం ఇంకా పెరుగుతుంది. భయానికి మందు జాగ్రత్త. స్నానాలగదిలో తడి లేకుండా తుడిపించండి, గోడకు పట్టుకునే కడ్డీ బిగించండి, మంచం నుంచి అక్కడివరకు రాత్రిపూట చిన్న దీపం ఉంచండి. జారే చెప్పులు, నేల మీద చుట్టుకునే పట్టాలు తీసివేయండి. రాత్రి లేచేటప్పుడు మంచం అంచున ఒక నిమిషం కూర్చుని, తరువాతే నిలబడండి. చటుక్కున లేస్తే రక్తపోటు ఒక్కసారిగా పడిపోయి కళ్ళు తిరగవచ్చు. వేసుకునే మందులన్నీ ఒక సంచిలో వేసుకుని ఆరు నెలలకొకసారి వైద్యుడికి చూపించండి. ఏనాడో ఎవరో రాసిన నిద్రమాత్ర ఇంకా ఆ సంచిలో ఉండి మిమ్మల్ని తూలేలా చేస్తూ ఉండవచ్చు. కంటి పరీక్ష ఏడాదికొకసారి తప్పనిసరి.

విశ్రాంతి ఎవరికీ వద్దని నేను చెప్పడం లేదు. గుండెపోటు వచ్చినప్పుడు, ఎముక విరిగినప్పుడు, తీవ్రమైన జ్వరంలో విశ్రాంతి అవసరమే. నడుస్తూ ఉండగా ఛాతీలో నొప్పి, మామూలుకు మించిన ఆయాసం, కళ్ళు తిరగడం ఉంటే ఆగి వైద్యుణ్ణి కలవాలి. కానీ మంచం ఎక్కిన రోజునే దిగే రోజు గురించి కూడా అడగండి. "డాక్టరుగారూ, ఎప్పటినుంచి కూర్చోవచ్చు, ఎప్పటినుంచి నడవచ్చు?" అనే ప్రశ్న నన్ను ఆ కొడుకు అడిగి ఉంటే, లేదా అడగకపోయినా నేనే చెప్పి ఉంటే ఎంత బాగుండేదో!

చివరిగా బిడ్డలకు ఒక మాట. మీలో చాలామంది హైదరాబాదులోనో, బెంగళూరులోనో, అమెరికాలోనో ఉన్నారు. ఫోనులో "అమ్మా, నువ్వు ఏ పనీ చేయకు, మనిషిని పెట్టాను కదా" అంటారు. మీ ప్రేమను నేను శంకించను. ఆ మనిషి బరువులు మోయనివ్వండి, ఎత్తైన చోటు నుంచి సామాను దింపనివ్వండి. అమ్మ చేయగలిగిన పని మాత్రం అమ్మకే వదిలేయండి. నాన్న నీళ్ళగ్లాసు కోసం లేవబోతే మీరు ముందుగా పరుగెత్తవద్దు. ఆయన నెమ్మదిగా లేస్తారు, కొంత ఆలస్యమవుతుంది. ఆ ఆలస్యాన్ని ఓర్చుకోవడం కూడా సేవే. ఈసారి ఫోను చేసినప్పుడు "మందులు వేసుకున్నావా?" అన్న ప్రశ్న తరువాత "ఈరోజు ఎంత దూరం నడిచావు?" అని కూడా అడగండి.

నాకిప్పుడు డెబ్బై నాలుగు. రక్తపోటుకు మాత్ర వేసుకుంటాను, కళ్ళకు శుక్లాల ఆపరేషన్ అయింది, మునుపటి చురుకుదనం లేదు. అయినా మొన్న బంధువుల ఇంట సత్యనారాయణ వ్రతానికి వెళ్ళి, చాప మీద కూర్చుని కథ పూర్తిగా విన్నాను. హారతికి అందరూ లేస్తూ ఉంటే పక్కనున్న కుర్రవాడు చేయి అందించాడు. "వద్దు నాయనా" అని ఒక చేయి నేలకు ఆన్చి, మోకాలి మీద భారం వేసి, నా అంతట నేనే లేచాను. కొంత సమయం పట్టింది. హారతి అందింది.