పేరు మార్చడానికి ఎంత?

అమ్మినవాడు సంతకం పెట్టాడు. కొన్నవాడు డబ్బిచ్చాడు. ప్రభుత్వం సుంకం పుచ్చుకుని దస్తావేజు మీద ముద్ర వేసింది. న్యాయంగా వ్యవహారం అక్కడితో ముగియాలి. కాని మన హెబ్బగోడి చుట్టుపక్కల ఫ్లాటు కొన్న ఏ తెలుగు కుటుంబాన్నయినా అడగండి, అసలు తిప్పలు అక్కడే మొదలయ్యాయని చెబుతారు. నగరసభలో ఖాతా మార్పు, కరెంటు మీటరు మీద పేరు మార్పు, అపార్టుమెంటు సంఘం పుస్తకంలో పేరు మార్పు. అదే మనిషి, అదే ఫ్లాటు, అదే పేరు. మూడు చోట్ల మూడుసార్లు రాయించుకోవాలి, ప్రతిచోటా ఏదో ఒకటి చెల్లించుకోవాలి. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారు. ఇక్కడ పూజారులు ముగ్గురు.

నా వాదన ఒక్కటే. పేరు మార్చినందుకు ఆ పనికయ్యే ఖర్చు మాత్రమే తీసుకోవాలి. ఇంటి ధరను బట్టి శాతం లెక్కన తీసుకునేది రుసుము కాదు. అది పన్ను. పన్ను వేసే అధికారం చట్టసభకు తప్ప గుమాస్తాకూ లేదు, సంఘం కార్యదర్శికీ లేదు.

అంకెలు లేకుండా కోప్పడటం మా వృత్తిలో అలవాటు లేదు గనుక ముందు లెక్క చూద్దాం. ఫ్లాటు అరవై లక్షలనుకోండి. కర్ణాటకలో స్టాంపు సుంకం 5 శాతం, అంటే 3,00,000 రూపాయలు. ఆ సుంకం మీద సెస్సు 10 శాతం, 30,000. సర్‌చార్జి 2 శాతం, 6,000. రిజిస్ట్రేషను రుసుము 2025 ఆగస్టు 31 నుంచి 1 శాతం కాస్తా 2 శాతమైంది గనుక 1,20,000. వెరసి 4,56,000. అదే నెల 10వ తేదీన పసుపు మెట్రో మార్గం మొదలై హెబ్బగోడికి స్టేషను వచ్చింది. స్టేషను చూసి బయానా ఇచ్చినవాళ్ల నెత్తిన మూడు వారాల్లో అరవై వేలు అదనంగా పడ్డాయి.

స్టాంపు సుంకంతో నాకు పేచీ లేదు. అది పన్ను, పన్నని చెప్పే తీసుకుంటున్నారు. కాని రిజిస్ట్రేషను రుసుము సంగతేమిటి? ముప్పై లక్షల ఫ్లాటుకైనా అరవై లక్షల ఫ్లాటుకైనా సబ్‌రిజిస్ట్రారు ఆఫీసులో తీసే ఫోటో ఒకటే, వేలిముద్ర ఒకటే, స్కానింగు యంత్రం ఒకటే. ఒకరి దగ్గర అరవై వేలు, ఇంకొకరి దగ్గర లక్షా ఇరవై వేలు ఏ పనికి? బృహత్ బెంగుళూరు మహానగర పాలికె 2025 సెప్టెంబరులో అయిదు కార్పొరేషన్లుగా విడిపోయేదాకా ఖాతా బదిలీకి తీసుకున్నది కూడా కట్టిన స్టాంపు సుంకంలో 2 శాతమే. అంటే సుంకం మీద సుంకం.

ఈ తేడాను సుప్రీంకోర్టు 1954లోనే తేల్చింది. ఆ కేసు కూడా మన కర్ణాటక మఠానిదే, ఉడుపిలోని శిరూరు మఠానిది. మఠాల ఆదాయంలో 5 శాతం దాకా ప్రభుత్వానికి చెల్లించాలని అప్పటి మద్రాసు చట్టం అంటే, చేసిన సేవకూ తీసుకున్న సొమ్ముకూ సంబంధం లేనప్పుడు అది రుసుము కాదు, పన్నేనని కోర్టు చెప్పింది. తర్వాతి తీర్పులు పైసాకు పైసా లెక్క చెప్పనక్కర్లేదన్నాయి. సంబంధమే అక్కర్లేదని మాత్రం అనలేదు. సంఘం ప్రభుత్వం కాదు గనుక ఆ తీర్పు దానికి నేరుగా వర్తించకపోవచ్చు. న్యాయం మాత్రం ఇద్దరికీ ఒకటే.

ఖాతా అనే మాట దగ్గరే మనవాళ్లు సగం మంది తికమకపడతారు. మనకు ఖాతా అంటే బ్యాంకు పద్దు. ఇక్కడ ఖాతా అంటే ఆస్తిపన్ను ఎవరి దగ్గర వసూలు చేయాలో రాసుకున్న చిట్టా. అది యాజమాన్య హక్కు పత్రం కాదు. అయినా 2024 అక్టోబరు నుంచి ఇ-ఖాతా లేనిదే రిజిస్ట్రేషను జరగదు. పన్ను వసూలు కోసం పెట్టుకున్న చిట్టా ఇప్పుడు అమ్మకానికే తాళమైంది. నిన్నమొన్నటిదాకా పంచాయతీ కింద ఉన్న మన ప్రాంతంలో బిల్డరు మొత్తం స్థలానికి ఉన్న ఖాతాను ఫ్లాట్లవారీగా విడగొట్టించకుండా వెళ్లిపోతే, ఆ తాళంచెవి వెతికే పని అమ్మేవాడి మీదా కొనేవాడి మీదా పడుతుంది. తప్పు చేసినవాడొకడు, తిరిగేవాడింకొకడు.

ఇక లీజు సంగతి. బెంగుళూరులో ఈ మాటకు మూడర్థాలున్నాయి. అద్దెకుండేవాడికి లీజంటే భోగ్యం: పెద్ద మొత్తం ఒకేసారి ఇచ్చి, నెల అద్దె లేకుండా ఉండి, ఖాళీ చేసేటప్పుడు అసలు తిరిగి తీసుకోవడం. బి.డి.ఎ. సైటు దొరికినవాడికి లీజంటే పదేళ్ల నిరీక్షణ: ముందు లీజు-కమ్-సేల్ ఒప్పందం, షరతులు పాటిస్తే ఆ తర్వాత పూర్తి క్రయపత్రం. మూడోది నోయిడా వంటి చోట్ల చూస్తాం. భూమి ప్రాధికార సంస్థది, ఫ్లాటు మనది. అమ్మాలంటే సంస్థ అనుమతి కావాలి, బదిలీ రుసుము కట్టాలి. మన హెబ్బగోడి ఫ్లాట్లు సాధారణంగా ఈ మూడో రకం కావు. క్రయపత్రంలో భూమిలో అవిభాజ్య వాటా రాసి ఇస్తారు. అయినా అమ్మబోయేనాటికి సంఘం నుంచి నిరభ్యంతర పత్రం కావాలంటారు, దానికి బదిలీ రుసుమంటారు. కట్టడం పూర్తికాకముందే బుకింగు మరొకరికి మార్చబోతే కొందరు బిల్డర్లు చదరపు అడుగుకు ఇంతని లెక్క కడతారు. పేరుకు యజమానులం, తీరుకు కౌలుదారులం. లీజు ఫ్లాట్లకు పుట్టినిల్లయిన ఇంగ్లండులోనే 2022 జూన్ 30 నుంచి చాలావరకు కొత్త దీర్ఘకాలిక లీజుల మీద భూమి అద్దె వసూలు చేయరాదని చట్టం వచ్చింది. అడిగితే పేరుకు ఒక మిరియపు గింజ అడగవచ్చు, అంతే. వాళ్లు వదిలించుకుంటున్న జాడ్యాన్ని మనం సొంత ఫ్లాట్లకు అంటించుకుంటున్నాం.

సంఘం పెద్దల వాదన నాకు తెలుసు. లిఫ్టు పాతబడింది, గోడలకు రంగు వేయించాలి, మేము ఇన్నేళ్లు పోషించిన సౌకర్యాల్లోకి కొత్తవాడు అప్పనంగా వస్తున్నాడు, కొంత ఇస్తే తప్పా అంటారు. తప్పే. కొత్తవాడు అప్పనంగా రావడం లేదు. లిఫ్టు, జనరేటరు, సంఘం మూలనిధిలో పాత యజమాని వాటా, అన్నీ కలిపే ఫ్లాటు ధర పలికింది. ఆ ధర అతను చెల్లించే వస్తున్నాడు. రంగుకు డబ్బు కావాలంటే సర్వసభ్య సమావేశంలో చెప్పి అన్ని ఫ్లాట్ల మీదా వేయండి. అలా వేయరు. ఎందుకంటే పాతవాళ్లకు ఓట్లున్నాయి, కొనబోయేవాడికి ఇంకా ఓటు లేదు. ఓటు లేనివాడి జేబులో చేయి పెట్టడం తేలిక.

1972 నాటి కర్ణాటక అపార్టుమెంటు యాజమాన్య చట్టం ఏమంటున్నదో ఎవరూ చదవరు. పాత యజమాని నిర్వహణ బకాయిలు పెట్టి ఉంటే కొనేవాడికీ బాధ్యత ఉంటుందని చట్టం అంటుంది. అందుకే ఆ బకాయి ఎంతో సంఘం నుంచి రాతపూర్వకంగా తీసుకునే హక్కు కూడా కొనేవాడికి ఇచ్చింది. ఆ కాగితంలో చూపిన మొత్తానికి మించి అతన్ని అడగడానికి వీల్లేదు. గమనించండి, చట్టం ఇమ్మన్నది బకాయిల లెక్క. అభ్యంతరం ఉందో లేదో చెప్పే పెత్తనం కాదు. రుణమిచ్చేటప్పుడు మా బ్యాంకులు అడిగే కాగితం కూడా బకాయిల్లేవన్న మాట వరకే ఉంటే, సంఘాల చేతిలోని ఈ కర్ర సగం విరిగిపోతుంది. మహారాష్ట్ర 2001లోనే సహకార గృహ సంఘాల బదిలీ ప్రీమియం 25,000 దాటరాదని గీత గీసింది. ఆ గీత నా దృష్టిలో ఎక్కువే, కాని గీతంటూ ఉంది. మనకూ ఒకటి కావాలి.

ఇదంతా అసాధ్యమనేవాళ్లు మా వృత్తినే చూడండి. ఇంటి రుణం ముందుగా తీర్చేస్తే బ్యాంకులు ఒకప్పుడు జరిమానా వేసేవి. 2012 జూన్‌లో మారే వడ్డీ గృహరుణాలపై దాన్ని రిజర్వు బ్యాంకు తీసేసింది. బ్యాంకులేమీ మూతపడలేదు. 2023 సెప్టెంబరులో ఇంకో ఆజ్ఞ వచ్చింది: అప్పు తీరిన 30 రోజుల్లో అసలు దస్తావేజులు తిరిగి ఇవ్వాలి, మా వల్ల ఆలస్యమైతే రోజుకు 5,000 రూపాయల చొప్పున ఖాతాదారుకు కట్టాలి. ఆ ఏడు డిసెంబరు 1 నుంచి అమలు. మరి ప్రభుత్వ కార్యాలయం ఆలస్యం చేస్తే? 2011 నాటి సకాల చట్టం ప్రకారం పౌరుడికి రోజుకు 20 రూపాయలు, అదీ 500 మించకుండా. సంఘం ఆలస్యం చేస్తే అదీ లేదు. ఒకే దేశం, ఒకే ఇల్లు, ఒకే కాగితం. ఆలస్యం ధర ఒకచోట అయిదు వేలు, ఒకచోట ఇరవై, ఒకచోట సున్న.

ఇదే కర్ణాటకలో వ్యవసాయ భూమికి 'భూమి' కంప్యూటరు పద్ధతి ఉంది. రిజిస్ట్రేషను కాగానే ఆ సమాచారం రెవెన్యూ వారికి దానంతటదే వెళ్లి పహణీలో పేరు మార్పు మొదలవుతుంది. ఆనేకల్లు తాలూకాలో రాగి చేనుకు సాధ్యమైనది ఆ చేనులోనే లేచిన రెండు పడకగదుల ఫ్లాటుకు ఎందుకు సాధ్యం కాదు? దస్తావేజు రాసినచోటే అన్ని పుస్తకాల్లోనూ పేరు మారాలి. వేరే దరఖాస్తు ఉండకూడదు, వేరే రుసుము అంతకన్నా ఉండకూడదు.

చివరిగా మన సంగతి. ఆనేకల్లు, హొసూరు ప్రాంతాల్లో తరతరాలుగా ఉన్న తెలుగువారికి ఈ కాగితాలు కొత్త కాదు. ఎలక్ట్రానిక్ సిటీ, బొమ్మసంద్ర కొలువుల కోసం అనంతపురం, చిత్తూరు, కర్నూలు నుంచి వచ్చినవారే ఎక్కువగా దళారి చేతిలో పడుతున్నారు. కారణం కన్నడ కాగితమంటే బెరుకు. కన్నడ లిపి మన లిపికి తోబుట్టువు. కొద్ది వారాలు కూర్చుంటే ఖాతా నకలులో పేరూ కొలతలూ చదువుకోవచ్చు. ఈ ఊరి భాష నేర్చుకోవడం మర్యాద, పైగా లాభం. చదవగలిగినవాడిని దబాయించడం కష్టం.

రుసుము కట్టిన ప్రతిచోటా రసీదు తీసుకోండి. నగరసభలో దరఖాస్తు ఇస్తే సకాల నంబరు అడగండి. సంఘం డబ్బడిగితే బైలా నంబరు, తీర్మానం తేదీ కాగితం మీద అడగండి. నలుగురు అడిగితే సణుగుతారు, నలభైమంది అడిగితే పద్ధతి మారుతుంది. "పేరు మార్చడానికి ఎంతండీ?" అని చేతులు కట్టుకుని అడగడం ఇక మానేద్దాం. "ఏ నిబంధన కింద?" అని అడుగుదాం.