కారు ఫొటోలో ఎవరున్నారు?

విశాఖలో కొత్త కారు కొన్నవాళ్లు చాలామంది ముందుగా వెళ్లేది ఆశీల్‌మెట్టలోని సంపత్‌ వినాయగర్‌ గుడికే. బానెట్‌ మీద పసుపు కుంకుమలు, ముందు బంతిపూల దండ, చక్రాల కింద నిమ్మకాయలు. ‘ఆగండాగండి, ఒక్క ఫొటో’ అంటూ ఇంట్లో కుర్రాడు ఫోన్‌ తీస్తాడు.

ఇంటికెళ్లి తీరిగ్గా చూసుకుంటే... తలుపు మీద ఎదుటి ఆటో, కిటికీ అద్దంలో ఫోన్‌ పట్టుకున్న కుర్రాడు, కారు కప్పు మీద మొలిచినట్టు కరెంటు స్తంభం. ఏళ్ల తరబడి పొదుపు చేసి ఆ కారు కొన్న నాన్న ముఖం మాత్రం నీడలో!

తప్పు ఫోన్‌ది కాదు. కారంటే నాలుగు చక్రాల మీద నిలబెట్టిన అద్దం. దాన్ని ఫొటో తీయడమంటే, అందులో ఏం కనపడాలో ఎంచుకోవడమే. కొత్తగా నేర్చుకునేవాళ్లకి ఈ ఒక్క సంగతి తెలిస్తే సగం పని అయినట్టే.

మరి ఏ వెలుగు మంచిది? విశాఖవాసులకి లెక్క తేలిక. ఇక్కడ సూర్యుడు సముద్రంలోంచి వస్తాడు, కొండల వెనక్కి వెళతాడు. కాబట్టి పొద్దున్నే తీస్తే సముద్రం మీ వీపు వెనక ఉండాలి. తెల్లవారుతున్న ఆకాశం పెద్ద తెల్ల దుప్పటిలా కారు పొడవునా మెత్తగా పరుచుకుంటుంది. వెనక అలలు కనపడాలంటారా... సాయంత్రం దాకా ఆగాల్సిందే. పొద్దున అలాగే తీస్తే కారు నల్లటి ముద్దయిపోతుంది. ఇక మిట్టమధ్యాహ్నం అసలొద్దు. కప్పు మీద మెరుపులు, కింద కటిక నీడలు.

భీమిలి వెళ్లే తీరం రోడ్డులో, బండ్లకి అడ్డం కాని చోట ఆపండి. ఇసుకలోకి దించితే ఫొటో కంటే ముందు ట్రాక్టరు వెతుక్కోవాలి. సముద్రపు గాలికి పట్టిన ఉప్పు పొరని తడిగుడ్డతో తుడవండి. పోర్టు, నౌకాదళ స్థావరాల వైపు మాత్రం కెమెరా తిప్పకండి. అక్కడ ఫొటోలు నిషేధం.

దగ్గరికెళ్లి తీస్తే కారు ముక్కు ఉబ్బినట్టు వస్తుంది. నాలుగడుగులు వెనక్కి వేసి, కాస్త జూమ్‌ చేసి, హెడ్‌లైట్ల ఎత్తుకి వంగండి. ముందు భాగం, ఒక పక్క కలిసి కనిపించేలా మూలగా నిలబడితే మీ నీడా, మీ ప్రతిబింబమూ చాలావరకూ తప్పుతాయి. ముందు చక్రాన్ని కొంచెం తిప్పితే టైరు గాళ్లు కాకుండా చక్రం ముఖం మీవైపు ఉంటుంది. ముందు అద్దం మీద ఆకాశం మరీ మెరుస్తోందా? కెమెరాకి పోలరైజర్‌ ఫిల్టర్‌ తగిలించి మెల్లగా తిప్పండి. ఆ మెరుపు తగ్గి లోపలి మనుషులు కనిపిస్తారు. క్రోమ్‌ పట్టీల మీద మాత్రం దాని పప్పులుడకవు.

ఇంటికొచ్చాక దిద్దుబాటు. ఫోన్లో స్నాప్‌సీడ్‌, కంప్యూటర్లో జింప్‌... రెండూ ఉచితమే. ముందు ఒరిగిన సముద్రాన్ని సరిచేయండి. తర్వాత మెరుపు తగ్గించి, నీడని కొద్దిగా పెంచండి. తెల్ల కారు తెల్లగానే ఉందో లేదో చూడండి. అడ్డొచ్చిన తీగనీ, మూలనున్న చెత్తకాగితాన్నీ చెరిపేయొచ్చు. రంగులు మరీ దట్టించారంటే పెళ్లి మండపంలా ఉంటుంది.

ఒక్కచోట మాత్రం చెయ్యి ఆపాలి. అదే కారుని రేపు అమ్మకానికి పెట్టేటప్పుడు తలుపు మీది గీతనీ, బంపరు సొట్టనీ ఫొటోలో మాయం చేయడం చిటికెలో పని. కానీ కొనేది కూడా అలా పైసా పైసా కూడబెట్టిన మరో నాన్నే. గీత చెరిగితే ఫొటో బాగుంటుంది, మాట పోతుంది.

పదేళ్లకో పదిహేనేళ్లకో ఏ కారైనా చేతులు మారుతుంది. ఇంట్లో మిగిలేది ఫొటోనే. అందుకే కారుని ఎన్ని కోణాల్లో తీసినా, చివరి ఫొటోకి నాన్నని పిలిచి పక్కన నిలబెట్టండి. ఈసారి వెలుగు చూసుకోవాల్సింది కారు మీద కాదు, ఆయన ముఖం మీద!