శాలువా వద్దు, జర్మన్ క్లాసు ఫీజు కడదాం



మన సోలాపూర్ పిల్లలు చదువుకు జర్మనీ వెళ్లడం ఇప్పుడు వింతేమీ కాదు. మన గుణగౌరవ సభలో శాలువా కప్పుతాం, జ్ఞాపిక ఇస్తాం, ఫోటో గ్రూపులో పెడతాం. అక్కడితో మన పని అయిపోయిందనుకుంటాం. ఈసారి ఆ ఖర్చు గురించే నాలుగు మాటలు చెప్పాలి. కొంచెం పొడుగైనా చదవండి.

మా మేనకోడలు కిందటి అక్టోబరులో ఎం.ఎస్.కి కెమ్నిట్స్ వెళ్లింది. జర్మనీ తూర్పు భాగంలో, సాక్సనీ రాష్ట్రంలో ఉన్న ఊరు. మొదటి నెలలో తను ఫోన్లో చెప్పినవన్నీ ఆశ్చర్యాలే. ఆదివారం దుకాణాలన్నీ మూత, శనివారమే సరుకులు తెచ్చుకోవాలి. ట్రామ్ ఎక్కేటప్పుడు టికెట్ అడిగేవాడు ఉండడు, కానీ తనిఖీలో దొరికితే 60 యూరోల జరిమానా. ఖాళీ ప్లాస్టిక్ సీసా దుకాణంలోని మెషీన్లో వేస్తే 25 సెంట్లు వెనక్కి వస్తాయి. రాత్రి పది దాటితే చప్పుడు చేయకూడదు. డిసెంబరులో సాయంత్రం నాలుగింటికే చీకటి.

ఊరి నడుమ కార్ల్ మార్క్స్ తల ఉంది. తల మాత్రమే, ఏడు మీటర్లు దాటిన ఎత్తు, 1971లో పెట్టారు. 1953 నుంచి 1990 దాకా ఆ ఊరి పేరే కార్ల్ మార్క్స్ స్టాట్. తల వెనక గోడ మీద కార్మికులంతా ఏకం కావాలన్న పిలుపు జర్మన్, ఇంగ్లీషు, ఫ్రెంచి, రష్యన్ భాషల్లో చెక్కి ఉంది.

నాకు మాత్రం ఆ ఊరు కొత్తగా అనిపించలేదు. ఒకప్పుడు దాన్ని సాక్సనీ మాంచెస్టర్ అనేవారు. నూలు మిల్లులు, మగ్గాల యంత్రాలు చేసే కార్ఖానాలు. 1990లో రెండు జర్మనీలు ఒకటయ్యాక చాలా కార్ఖానాలు మూతపడ్డాయి, పనికోసం జనం ఊరు విడిచారు. మూడు లక్షలు దాటిన ఊరు రెండున్నర లక్షలకు దిగింది. జూనీ మిల్లు మూతపడటం చూసిన మన పెద్దలకు ఈ కథ విడమరచి చెప్పనక్కర్లేదు.

ఇప్పుడు అసలు విషయం. "కోర్సు ఇంగ్లీషులోనే కదా, జర్మన్ ఎందుకు?" అని మనవాళ్లు అడుగుతారు. క్లాసు గది వరకు ఆ మాట నిజమే. గది దాటితే? తూర్పు జర్మనీ కాలంలో బడిలో మొదటి విదేశీ భాష రష్యన్. అందుకే అక్కడి పెద్దవయసు వాళ్లలో చాలామందికి ఇంగ్లీషు రాదు. ఇంటి యజమాని కాగితం జర్మన్లో, ఆఫీసు ఉత్తరం జర్మన్లో, డాక్టరు దగ్గర రిసెప్షన్లో మాట జర్మన్లో. చదువయ్యాక ఉద్యోగం వెతుక్కోవడానికి 18 నెలల గడువు ఇస్తారు. ఆ గడువులో చాలా కంపెనీలు మొదట అడిగేది భాషే. మనం వీసా కోసం బ్లాక్డ్ అకౌంటులో 11,904 యూరోలు, అంటే పది లక్షల రూపాయలకు పైనే, అప్పు చేసైనా పెడతాం. భాషకు ఇరవై ముప్పై వేలు పెట్టడానికి మాత్రం వెనకాడతాం.

ఇంకో మాట. 2018 ఆగస్టులో ఆ ఊళ్లోనే విదేశీయులకు వ్యతిరేకంగా గుంపులు వీధుల్లోకి వచ్చాయి. తల్లిదండ్రులకు భయం ఉంటుంది, ఆ భయాన్ని కొట్టిపారేయను. భాష వస్తే ద్వేషం పోతుందనీ చెప్పను. కానీ పక్కింటివాళ్లతో రెండు మాటలు కలిపిన పిల్లకు కష్టంలో తలుపు తట్టడానికి ఒక ఇల్లు ఉంటుంది. మా మేనకోడలికి మొదటి చలికాలంలో హీటరు ఎలా తిప్పాలో చూపించింది పై అంతస్తు ముసలావిడే. ఆవిడకు ఇంగ్లీషు రాదు. మా పిల్లకు వచ్చిన నాలుగు ముక్కల జర్మనే పనికొచ్చింది.

ఇది మనకు తెలియని విద్యా? మన ముత్తాతలు తెలంగాణ నుంచి మగ్గం పట్టుకుని ఇక్కడికి వచ్చారు. బజారులో మరాఠీ నేర్చారు, ఇంట్లో తెలుగు నిలుపుకున్నారు. అందుకే ఇన్ని తరాల తర్వాత కూడా నేను ఇది తెలుగులో రాస్తున్నాను, మీరు చదువుతున్నారు. ఆ పద్ధతే పిల్లలకు చెప్పి పంపాలి. అక్కడ తెలుగువాళ్ల గ్రూపు ఉండాలి, పండుగ చేసుకోవాలి. అదే మొత్తం ప్రపంచం కాకూడదు.

కాబట్టి నా ప్రతిపాదన మూడు ముక్కల్లో. ఒకటి, విదేశాలకు వెళ్లే విద్యార్థికి శాలువా, జ్ఞాపిక బదులు భాషా తరగతి ఫీజులో కొంత సంఘం కట్టాలి. పుణే మాక్స్‌ముల్లర్ భవన్ ఉంది, ఆన్‌లైన్ తరగతులూ ఉన్నాయి. రెండు, ప్రయాణానికి కనీసం ఆరు నెలల ముందు మొదలుపెడితేనే ఆ సాయం. మూడు, ఇప్పటికే అక్కడున్న మన పిల్లలు నెలకొకసారి వెళ్లబోయేవాళ్లతో ఫోన్లో మాట్లాడాలి.

శాలువా బీరువాలో ఉంటుంది. భాష నోట్లో ఉంటుంది, రోజూ పనికొస్తుంది. వచ్చే కార్యవర్గ సమావేశంలో ఈ విషయం అజెండాలో పెట్టమని కోరుతున్నాను. ఒప్పుకోనివాళ్లు కూడా కింద రాయండి, చర్చిద్దాం.