మాటల మరమ్మతు: ‘ఆల్ బట్’ అంటే అన్నీనా?

ఈ మాసం మనం పరిశీలించవలసిన ఆంగ్ల పదబంధం ‘ఆల్ బట్’. చూడటానికి రెండే మాటలు. వీటిని తొందరలో తప్పుగా చదివి, ఒక యంత్రాన్ని పాడుచేయబోయినవాణ్ణి నేను.

1996లో అండమాన్ దీవులలోని ఒక చిన్న డీజిల్ విద్యుత్ కేంద్రంలో పనిచేస్తున్నాను. ఒక ఉదయం డ్యూటీకి వెళ్లేసరికి లాగ్ పుస్తకంలో ‘ఓవర్‌హాల్ ఆల్ బట్ కంప్లీట్’ అని వ్రాసి ఉంది. ‘ఆల్’, ‘కంప్లీట్’ అన్న మాటలే నా కంటబడ్డాయి. ఇంజను నడపమన్నాను. శ్రీకాకుళం నుండి వచ్చి స్థిరపడిన వృద్ధ ఫిట్టరు చేయి అడ్డుపెట్టి, “ఆగండి బాబూ, లూబ్ ఆయిల్ పైపు ఇంకా బిగించలేదు” అన్నాడు.

నూనె అందని బేరింగులు నిమిషాలలో కరిగి పట్టేస్తాయి. కొత్తవి సుమారు 1,200 కిలోమీటర్ల సముద్రం దాటి చెన్నై నుండో, విశాఖ నుండో ఓడలో రావాలి. అంతవరకు దీవిలో దీపాల గతి ఏమిటి?

వ్రాసినవారి ఆంగ్లం నిర్దుష్టం. ఇక్కడ ‘బట్’ అంటే ‘కానీ’ కాదు, ‘తప్ప’. సంఖ్యకు ముందు వస్తే అర్థం సుస్పష్టం: ‘ఆల్ బట్ టూ ఆఫ్ ది పంప్స్ ఆర్ వర్కింగ్’ అంటే రెండు తప్ప తక్కిన పంపులన్నీ పనిచేస్తున్నాయని. ‘కంప్లీట్’ వంటి విశేషణానికి ముందు వస్తే ‘దాదాపు’ అని అర్థం. దాదాపు పూర్తి అయిందంటే, పూర్తి కాలేదనే కదా!

దీని తోబుట్టువులు రెండున్నాయి. ‘హి ఏట్ నథింగ్ బట్ రైస్’ అంటే అన్నం తప్ప మరేమీ తినలేదని. ‘ది పేపర్ వాజ్ ఎనీథింగ్ బట్ ఈజీ’ అంటే ప్రశ్నపత్రం ఏమాత్రం సులభంగా లేదని. పరీక్షలు వ్రాసే మన పిల్లలు ఈ మూడింటినీ కలిపి గుర్తుంచుకుంటే మేలు.

ఉత్తరాలలో, వ్యాసాలలో ‘ఆల్ బట్’ను నిస్సంకోచంగా వాడండి. లాగ్ పుస్తకంలో మాత్రం వద్దు. ఈ దీవులలో తెలుగు, తమిళ, బెంగాలీ, మలయాళీ సోదరులు పక్కపక్కనే పనిచేస్తారు. ఆంగ్లం ఎవరికీ ఇంటిభాష కాదు. అందువల్ల ‘నాట్ కంప్లీట్’ అని ముందు వ్రాసి, మిగిలిన పని ఏమిటో దాని కింద వ్రాయండి. రాత్రంతా మేలుకొన్న కళ్లకు కూడా అది అర్థమవుతుంది.

నాటి ఫిట్టరుకు ఆంగ్లం చదవడం రాదు. పైపు బిగించలేదన్న సంగతి మాత్రం తెలుసు. నేను చదివాను, తెలుసుకోలేదు.