ప్లేస్‌మెంట్స్ అయ్యాక రాద్దామా?

"ప్లేస్‌మెంట్స్ అయ్యాక రాసుకోవచ్చులే" అనుకుని నేను కవితలు ఆపేసి మూడు సెమిస్టర్లు. మొన్న హాస్టల్లో ఫోన్‌లో గావ్ షింగ్‌జియాన్ బొమ్మలు చూశాక అది వట్టి సాకనిపించింది.

ఆయన 1940లో చైనాలో పుట్టిన రచయిత. సాంస్కృతిక విప్లవం రోజుల్లో భయంతో తన రాతప్రతులు తనే తగలబెట్టుకున్నారు. తర్వాత ఫ్రాన్స్‌లో స్థిరపడ్డారు. 2000లో సాహిత్యానికి నోబెల్ వచ్చింది. 2003లో మార్సే నగరంలో ఆయన బొమ్మలతో సోలో ఎగ్జిబిషన్ పెట్టారు. రంగుల హడావిడి లేదు. ఎక్కువగా నల్ల సిరా, నీళ్లు, కాగితం, అంతే. అది కొండో మబ్బో మనమే తేల్చుకోవాలి.

నాకు అంతకంటే నచ్చింది ఇంకోటుంది. పారిస్‌లో ఆయనకి ఇల్లు గడిచింది ఎక్కువగా బొమ్మల మీదే. అందుకే ఎవరి మెప్పు కోసమో రాయాల్సిన పని పడలేదు. రేపు మన ఉద్యోగం కూడా మన రాతకి అలా కాపు కాయొచ్చు. కానీ అప్పటికి కాపాడుకోవడానికి రాత అంటూ మిగలాలి కదా!

రేపు ల్యాబ్ ఎక్స్‌టర్నల్. అయినా రఫ్ బుక్ చివరి పేజీలో నాలుగు లైన్లు రాశాను, పెన్నుతోనే. బాగా రాలేదు. కొట్టెయ్యలేదు.